సీజన్ అయ్యేదాకా

పైన హాల్లో నేల మీద అన్నయ్య చేతికర్ర రెండుసార్లు మోగింది. బట్టల డ్రయ్యర్ ఆపమని. ఒక్కసారి మోగితే తిప్పాలి, రెండుసార్లు మోగితే ఆపాలి. డెన్వర్ వాళ్ళ చేతిలో బంతి ఉన్నంతసేపూ తిరగాలి, మా ఊరి ఫుట్‌బాల్ జట్టు స్టోకర్స్ చేతికి రాగానే ఆగాలి. లోపల తిరిగేది మా అన్నయ్య కాజ్ పాత స్టోకర్స్ చొక్కా ఒక్కటే, తడీ లేదు పాడూ లేదు, మధ్యాహ్నం నుంచి ఊరికే తిరిగి తిరిగి అప్పడమైపోయింది. ఆపాను. ఆపగానే సెల్లార్లో మిగతా చప్పుళ్ళన్నీ బయటికొచ్చాయి, బాయిలర్ గురక, ఫ్రీజర్ మూలుగు, పైన అన్నయ్య ఆక్సిజన్ మిషన్ తుస్సు తుస్సుమనడం, దాని మీదుగా టీవీ హోరు. జెన్ వదిన జపమాల వినపడదు గానీ పెదవులు కదుపుతూనే ఉంటుందని నాకు తెలుసు. మేనకోడలు మార్సీ, దాని మొగుడు టాడ్ సోఫాలో ఆ చివరొకరు ఈ చివరొకరు కూర్చుని ఉంటారు, పోయిన వారం అలా కూర్చుంటేనే గెలిచాం కాబట్టి. అందరూ పైన. నేను మాత్రం ఇక్కడ, పులిసిన క్యాబేజీ జాడీల పక్కన మడత స్టూలేసుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని. ఈరీ సరస్సు మీంచి మంచు లేచి రోడ్డేదో కాలవేదో తెలియని సాయంత్రాల్లో పోర్ట్ మెర్సర్ పిల్లల్ని ఒక్కొక్కరినే వాళ్ళ గుమ్మాల దగ్గర దించినదాన్ని. అలాంటి నేను గదిలో ఉంటే బంతి వంకర పోతుందట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాళ్ళు ఓడిపోవడానికి మద్దెలని నేను దొరికాను.

తొమ్మిది పాయింట్లు వెనక ఉన్నాం. ఆటలో ఆఖరి పావు వంతు మొదలైంది. ఈ ఒక్క ఆట గెలిస్తే సూపర్ బౌల్, దేశం మొత్తానికి ఆఖరి పోటీ. ఓడితే సీజన్ అయిపోయినట్టే, అయిపోతే ఇవాళే చెప్పాలి. వద్దు, ఆ సంగతి ఇప్పుడొద్దు, దుంప సంగతి చూడు లోడీ, చేతిలో కత్తి ఉంది. చెక్కు మందంగా తీస్తున్నావని అమ్మ కసిరేది, సగం దుంప పందికే పెడతావా అని. మాకెప్పుడూ పంది లేదు. అమ్మమ్మ ఊళ్ళో, పోలండులో ఉండేదట. ఆ పంది నా చిన్నతనమంతా మా వంటింట్లో తిరిగింది. కిటికీ అవతల కాళ్ళ అలికిడి. సెల్లార్ కిటికీ పక్కింటి వీటో డ్రైవేకి సమంగా ఉంటుంది, పగిలిన అద్దానికి తువ్వాలు కుక్కాం, కాబట్టి వీటో గరాజులో ఎవరు దగ్గినా నా చెవిలో దగ్గినట్టే. గరాజులో గ్యాస్ హీటరు, పాత టీవీ, కప్పు మీద యాంటెన్నా, వీటో, ముగ్గురు కొడుకులు, ఇంకా ఎవరెవరో. ఆ యాంటెన్నాయే నా ప్రాణం తీస్తోంది. మా టాడ్ నిరుడు కేబుల్ తీయించి ఇంటర్నెట్ టీవీ పెట్టించాడు, బొమ్మ అద్దంలా ఉంటుంది మావయ్యా అని. అద్దంలాగే ఉంది. అర నిమిషం ఆలస్యంగా ఉంది, అంతే. వీటో గరాజులో ఆట అయిపోయిన అర నిమిషానికి మా హాల్లో అవుతుంది. ఆ సంగతి తెలిసిన రోజు అన్నయ్య మెట్ల మీంచి నాకు వేలు చూపించి చెప్పాడు, "వీటోగాడి గోల ఏం విన్నా నీ కడుపులోనే ఉంచుకో. పైకి కేకేశావో, చెల్లెలివని కూడా చూడను." పై కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ బిగించారు, టీవీ గొంతు పెంచారు. పైవాళ్ళకి వినపడదు. నాకు వినపడుతుంది.

అదిగో. గరాజు పేలిపోయింది. అరుపులు, రేకు తలుపు మీద దబదబా గుద్దులు, వీటో పెద్ద కొడుకు బూతులు, సంతోషంలో కూడా వాడికి బూతులే వస్తాయి. గీత దాటించేశారు. టచ్‌డౌన్. ఏడు పాయింట్లు. ఇక వెనకబడింది రెండే. నోరు మూసుకున్నాను, కత్తి కింద పెట్టాను. పైన ఇంకా ఏమీ కాలేదు. పైన ఇంకా తొమ్మిది పాయింట్లు వెనకే ఉన్నారు, అన్నయ్య కర్ర పిడిని నలుపుతూ ఉంటాడు, మార్సీ గోళ్ళు కొరుకుతూ ఉంటుంది, వాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. పండక్కి కొన్న బొమ్మ బీరువాలో దాచి, పిల్లలు నిద్రలేచేదాకా ఒక్కదాన్నే నవ్వుకుంటున్నట్టుంది. రండి, రండి, లేవండి. ఇప్పుడు. పైన కప్పు అదిరింది, దుమ్ము రాలి దుంపల మీద పడింది, టాడ్ గెంతుతున్నాడు, వాడి బరువుకి దూలం కిర్రుమంది. మార్సీ కీచుమంటోంది. ఆ గోలలో అన్నయ్య దగ్గు. ఆగని దగ్గు. నేను లేచి నిలబడ్డాను, మెట్టు మీద కాలు పెట్టాను. దగ్గు ఆగింది. కర్ర ఒక్కసారి మోగింది. డెన్వర్ వాళ్ళకి బంతి ఇచ్చారు, తిప్పు. తిప్పాను. మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను.

ఇదంతా నేను నమ్ముతానా? నమ్మను. కానీ మెట్లెక్కను. మార్సీ ఉయ్యాల్లో ఉన్న ఏడు మొదటిసారి సూపర్ బౌల్‌ గుమ్మం దాకా వెళ్ళారు మావాళ్ళు, ఊరంతా తుప్పురంగు జెండాలు, ఉక్కు ఫ్యాక్టరీ మూతబడిన మరుసటేడు అది, అన్నయ్యకి ఉద్యోగం లేదు, ఈ హాల్లోనే ఇరవై మందిమి ఇరుక్కుని చూశాం. నాలుగు పాయింట్లు ముందున్నాం, మయామీ వాళ్ళకి రెండు నిమిషాలు కూడా మిగల్లేదు. నేను లేచి వంటింట్లోంచి తేనె సారా సీసా, చిన్న గ్లాసులు తెచ్చాను. తెచ్చి ఊరుకోలేదు. ఇక మనదే అన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పేరు పెట్టేశాను. అన్నయ్య నా వంక చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద ఉంది. మయామీ వాడొకడు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరిగెత్తాడు, పట్టుకున్నవాడు లేడు. సీసా మూత తీయకుండానే వెనక్కి పెట్టాను. ఎవరూ తిట్టలేదు, అదే నాకు మంటెక్కించింది, ఒక్కడు తిట్టినా బావుండేది. మర్నాడు రొట్టెల దుకాణంలో కూడా తెలిసిపోయింది, కాజ్ చెల్లెలు ముందే అనేసిందట అని. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ అప్పటి నుంచే తెలుసు.

ఆ మరుసటేడు బట్టలు పడేద్దామని కిందికొచ్చి, ఇక్కడే ఏదో సర్దుకుంటూ ఉండిపోయాను. పైకెళ్ళి చూద్దును గదా, అందరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు, పిట్స్‌బర్గ్ మీద ఎంతో వెనకబడి మంచులో గెలిచారట. అన్నయ్య మెల్లిగా దగ్గరికొచ్చి, చర్చిలో మాట్లాడినట్టు, "లోడీ, నువ్వు కిందే ఉన్నావా? మొత్తం?" అన్నాడు. ఉన్నానన్నాను. చొక్కా డ్రయ్యర్లో తిరుగుతోందా అన్నాడు. తిరుగుతోందన్నాను. అంతే, శాసనం అయిపోయింది. ఆ తర్వాతేడు వదిన కోప్పడింది, ఇదేం చోద్యం, ఆడపిల్లని ఎలకల్లో కూర్చోబెడతారా అని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళింది, సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. గీతకి రెండడుగుల దూరంలో మావాడి చేతిలో బంతి జారి కిందపడింది.  వదిన నన్ను మళ్ళీ పిలవలేదు. తర్వాత చాలా ఏళ్ళు మా జట్టు సీజన్ చివరి పైపోటీల ముఖమే చూడలేదు, ఆ ఏళ్ళన్నీ నేను హాయిగా పైన కూర్చుని చూశాను, కాళ్ళు బల్ల మీద పెట్టుకుని మరీ. ఓడిపోవడానికేమీ లేనప్పుడు నన్నెవడూ పట్టించుకోలేదు. మళ్ళీ మూడేళ్ళ కిందట గెలవడం మొదలుపెట్టారు. ఆ జనవరి ఎవరూ చెప్పకుండానే నా అంతట నేనే లేచి మెట్లు దిగాను. దిగుతుంటే కోపంగానే ఉంది, కానీ నిజం చెప్పాలంటే కాస్త గర్వంగా కూడా ఉంది. కోట్లు పెట్టి ఆటగాళ్ళని కొంటారు, చివరికి నేను సెల్లార్లో కూర్చుంటే గాని గెలవరు.

డ్రయ్యర్ మోతలో గరాజు సరిగ్గా వినపడట్లేదు. డెన్వర్ వాళ్ళు బంతిని వదలట్లేదు, కొంచెం కొంచెం, కొంచెం కొంచెం, గడియారం తినేస్తున్నారు. రెండు పాయింట్ల ముందుండి గడియారం తినడమే ఇక వాళ్ళ పని. మెట్ల తలుపు తెరుచుకుంది, నేను గోడకేసి తిరిగాను, టీవీ వెలుగు కూడా కంట పడకూడదు. జెన్ వదిన. ఒక్కో మెట్టూ దిగి వచ్చింది, ప్రకటనలేస్తున్నారట, ఊరగాయ దోసకాయల జాడీ కావాలట. జాడీ తీసుకుని వెళ్ళిపోలేదు.

"ఏంటే, దుంపలు సైన్యానికా?" అంది.

"చేతులు ఊరుకోవు వదినా."

"జూన్‌లో కూడా ఇలాగే చెక్కు తీయాలి మరి. ఫాల్కన్స్ క్లబ్బు హాలు ఖాయం చేశానుగా. యాభై ఏళ్ళ పెళ్ళిరోజు, నీ అన్నకి కొత్త సూటు వేయిస్తాను. మోకాళ్ళు ఉబ్బిన ఈ పాత సూటుతో వస్తే గుమ్మంలోనే ఆపేస్తానని చెప్పా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, నవ్వాడు." జాడీ మూత తిప్పుతూ నిలబడింది. మూత రాలేదు, నాకివ్వలేదు. "లోడీ, ఈమధ్య నా వంక అదోలా చూస్తున్నాడే. పెళ్ళినాడు కూడా అలా చూళ్ళేదు. నేను తిరిగితే చూపు మళ్ళించేస్తాడు."

"ముసలితనంలో ప్రేమ ముదిరింది."

"ఛీ పో" అంది, నవ్వింది, నవ్వుతూనే నా మొహంలో వెతికింది. నేను దుంప కేసి చూశాను. పైనుంచి మార్సీ, "అమ్మా! మొదలైంది!" అని అరిచింది. వదిన వెళ్ళిపోయింది. మూత రాని జాడీతోనే వెళ్ళింది.

జూన్. నవంబరులో డాక్టరమ్మ అన్నది వసంతం అని, అది కూడా సరిగ్గా అనలేదు, వసంతం దాకా అనుకోవచ్చేమో అంది. అన్నయ్యని నేనే తీసుకెళ్ళాను, ఆక్సిజన్ కాస్త పెంచుతారేమో కనుక్కుని వస్తామని వదినకి చెప్పి. ఊపిరితిత్తుల బొమ్మ గోడ మీద వెలుగుతోంది, ఫ్యాక్టరీలో పీల్చిందంతా అందులో కూర్చుని ఉంది, తెల్లగా ఉండాల్సింది నల్లగానో నల్లగా ఉండాల్సింది తెల్లగానో, నాకు గుర్తు లేదు. అన్నయ్య టోపీ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. విని, సూపర్ బౌల్ ఫిబ్రవరిలో కదా డాక్టర్, అప్పటిదాకా నెట్టుకొస్తానా అన్నాడు. ఆ పిల్ల ఈ ఊరిది కాదు, నవ్వాలో ఏడవాలో తెలియక నా వంక చూసింది. కారులో కూర్చున్నాక అన్నయ్య చాలాసేపు బెల్టు పెట్టుకోలేదు. "సీజన్ అయ్యేదాకా ఇంట్లో ఒక్క ముక్క అనకు లోడీ. అయిపోయిన రోజు ఇద్దరం కలిసి చెబుదాం. నువ్వు పక్కనుండాలి. నాకొక్కడికీ నోరు రాదు." సరేనన్నాను. ఎందుకనను, అప్పటికి స్టోకర్స్ మట్టికొట్టుకుపోయి ఉన్నారు, గెలిచినవాటికంటే ఓడినవి ఎక్కువ, క్రిస్మస్ కాగానే సీజన్ అయిపోతుంది, నాలుగు వారాలు నోరు కట్టుకోలేనా అనుకున్నాను. దేవుడికి ఎప్పుడు ఏం బుద్ధి పుడుతుందో. ఆ వెంటనే వచ్చిన ఆదివారం గెలిచారు. ఆ తర్వాతా గెలిచారు. వరసగా గెలుస్తూనే ఉన్నారు, క్లీవ్‌లాండ్ మీద, హ్యూస్టన్ మీద, ఎవరి మీద పడితే వాళ్ళ మీద. పైపోటీల్లో ఆఖరిగా దూరి అక్కడా గెలిచారు. వాళ్ళు గెలిచిన ప్రతి ఆదివారం ఊరు చిందులు వేసింది, నా నోటికి ఇంకో వారం తాళం పడింది. వదిన ఆ వారాల్లో హాలు మాట్లాడింది, దుంప కూరి చేసే పిరోగీలు ఎన్ని రకాలు చేయించాలని నన్నే అడిగింది, నేను మూడు రకాలు చాలన్నాను. నా బతుకులో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు.

ఇప్పుడు నాకేం కావాలో నాకే తెలియట్లేదు. గెలిస్తే ఇంకో రెండు వారాలు అన్నయ్య ఆ కుర్చీలో రాజులా కూర్చుంటాడు, చిన్నప్పటి నుంచి చూడాలనుకున్నది చూస్తాడు, వదిన ఇంకో రెండు వారాలు మోసపోతుంది. ఓడితే చెప్పేస్తాను, నా గుండె మీది బండ దిగుతుంది. ఛీ. నా సుఖం కోసం ఓడమని కోరుకుంటున్నానా? లేదు. గెలవాలి. వాడి కోసం గెలవాలి. గెలిచేటప్పుడు వాడి పక్కన ఉండాలని నాకూ ఉంది. రాత్రి పూట కూడా అదే ఆలోచన, అన్నాచెల్లెళ్ళం ఒక్క సోఫాలో కూర్చుని ఒక్క పెద్ద ఆట చూసింది నా బుద్ధి తెలిశాక రెండే సార్లు, రెండుసార్లూ నాశనమే. ఇంకోసారి ఉండదు. పైకెళ్ళి కూర్చుంటే ఏమవుతుంది? బంతి తోలుది, తన్నేవాడు డెన్వర్‌లో ఉన్నాడు, వాడికి నేనెవరో కూడా తెలియదు. కానీ పైకెళ్ళాక ఓడితే? చచ్చిపోయే మనిషి చేతిలోంచి నేనే లాక్కున్నట్టు. ఆ మాట అన్నయ్య అనడు. వాడు అనకుండా చూస్తాడు. నాకా చూపు వద్దు.

గరాజులో చప్పట్లు. పెద్ద గోల కాదు, గట్టి చప్పట్లు, వీటో ఈల. డెన్వర్ వాళ్ళు ఆగిపోయారు. బంతి ఇచ్చేయాలి. ఎంతసేపుంది? ఎవరూ చెప్పరు నాకు. డ్రయ్యర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను, కర్ర మోగకముందే ఆపకూడదు, అది కూడా నియమమే. మోగింది, రెండుసార్లు, గట్టిగా. ఆపాను. చొక్కా జారి అడుగున పడింది. కర్ర పట్టులో బలం వినపడితే నాకు ఏడుపొచ్చింది, మొన్న చెంచా ఎత్తలేకపోయాడు, ఇవాళ నేల పగలగొడుతున్నాడు. స్టూలు కిటికీ కిందికి జరుపుకున్నాను, తువ్వాలు కొంచెం లాగాను, మంచు గాలి ముఖాన కొట్టింది. "బయటికి పోరా, గీత బయటికి పో, గడియారం ఆపు!" వీటో గొంతు. "పట్టాడు పట్టాడు!" కొడుకు. అంతా ఒకరి మీద ఒకరు. పైన ఇంకా మొదటి తడవే ఆడుతున్నారు, టాడ్ అబ్బా అని మూలిగాడు, ఇక్కడ ఆ బాధ ఎప్పుడో అయిపోయింది. నేను రెండు ఆటల మధ్య నిలబడ్డాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా పని. ఇంకోటి పట్టుకున్నారు. ఇంకోటి. వీటో వాళ్ళు అరవడం మానేశారు, అరవడం మానేశారంటే దగ్గరికొచ్చారని. ఎవరో, "ఇక్కణ్ణించి తన్నగలడు" అన్నారు. ఎవరో, "మూసుకో, అనకు" అన్నారు. మంచి పని చేశాడు, అనకూడదు.

తన్నుతున్నారు. గోలు కర్రల మధ్యలోంచి పోతే మూడు పాయింట్లు. పడితే ఒక్క పాయింటుతో గెలుపు, ఆ తర్వాత గడియారంలో ఏమీ మిగలదు. మా తన్నేవాడు కొత్త కుర్రాడు, నెబ్రాస్కా వాడు, ఎర్ర జుట్టు, ఈ ఏడంతా ఒక్కటీ తప్పలేదు, చర్చిలో వాడి పేర వత్తి వెలిగించారు. గరాజులో గాలి కూడా ఆగిపోయింది. హీటరు బుసలు మాత్రం. నా చెయ్యి తువ్వాలు మీద ఉంది, తువ్వాలు తడిగా ఉంది, మేరీమాతా, యేసు తల్లీ, మా అన్నయ్య కోసం, వాడొక్కడి కోసం, నా సంగతి తర్వాత చూసుకుందువు. ఏమీ లేదు. ఏమీ వినపడలేదు. గెలిస్తే పేలాలి కదా. ఇంకా తన్నలేదేమో. డెన్వర్ వాళ్ళు ఆట ఆపించారేమో. కుర్చీ ఒకటి రేకు తలుపుకి తగిలి కూలింది. తర్వాత వీటో, అరవలేదు, మామూలుగా, ఆదివారం భోజనం దగ్గర ఉప్పు అడిగినట్టు, "తగిలింది. గోలు కర్రకి తగిలి బయటికొచ్చింది" అన్నాడు. పెద్ద కొడుకు బూతు కూడా అనలేదు. ఎవరో డ్రైవే మీద మంచు తొక్కుకుంటూ నడిచారు, కారు తలుపు పడింది.

అయిపోయింది. పైన ఇంకా అవలేదు. పైన ఆ కుర్రాడు ఇంకా బూటుతో గడ్డి చదును చేస్తూ ఉంటాడు, పైన ఇంకా అందరం బతికే ఉన్నాం. నేను లేచాను. మోకాలు కలుక్కుమంది. లేచాక తెలిసింది, ఇక నేను పాడుచేయగలిగింది ఏమీ లేదు. ఈ ముప్పై ఏళ్ళలో మొదటిసారి నేను ఆ గదిలోకి వెళితే ఎవరికీ నష్టం లేదు. వెళ్ళొచ్చు. అన్నయ్య పక్కన కూర్చోవచ్చు, ఇంకా ఓడిపోని వాడి పక్కన. వాళ్ళు నన్నంటారు, లోడీ తలుపు తీసింది, బంతి కర్రకి తగిలింది, మనవలకి కూడా చెబుతారు. అననీ. గాలినీ కర్రనీ తిట్టుకుంటే ఏం లాభం, నన్ను తిట్టుకుంటే కాస్త కడుపు నిండుతుంది. మెట్లు ఎక్కుతున్నాను, రెయిలింగు చల్లగా ఉంది, చేతికి దుంప చెక్కు అంటుకునే ఉంది, త్వరగా, త్వరగా ఎక్కు, బస్సు వెనక పరిగెత్తే పిల్లలా ఎక్కు. తలుపు తోశాను.

"అత్తా! వద్దు! దిగు, దిగు, దేవుడి తోడు!" మార్సీ నా మీదికే వచ్చింది. టాడ్ రెండు చేతులూ తల మీద పెట్టుకుని, "ఇప్పుడా? ఇప్పుడే రావాలా?" అంటున్నాడు. టీవీలో ఎర్ర జుట్టువాడు వెనక్కి రెండడుగులు వేసి చేతులు విదిలించుకుంటున్నాడు. అన్నయ్య కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు, ముక్కుకి గొట్టం, మోకాళ్ళ మీద దుప్పటి, మొహం నిండా ఆశ. అంత ఆశ ఆ మొహంలో ఉంటుందని మర్చిపోయాను, అందంగా ఉన్నాడు మా అన్నయ్య. నా వైపు తిరిగాడు. చూశాడు. వీటో ఇంటి వైపు గోడని ఒక్కసారి చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఊరికే పైకి రానని వాడికి తెలుసు. నేను మొహం మామూలుగా పెట్టుకోవాలని చూశాను, చేతకాలేదు. ఆశ మెల్లిగా వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. ఎవరూ చూడలేదు, నేను చూశాను.

"అరవకే మార్సీ" అన్నాడు అన్నయ్య. "నేనే రమ్మన్నాను."

"నాన్నా, నువ్వా?"

"ఆ, నేనే. ఏమన్నా అంటే నన్నను." దుప్పటి పక్కకి లాగి, కుర్చీ చెయ్యి మీద అరచేత్తో తట్టాడు. "కూచో లోడీ." కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను, ఎముకలే ఉన్నాయి, చల్లగా ఉంది. టీవీలో బంతి నిలబెట్టారు. ఎర్ర జుట్టువాడు కదిలాడు. తన్నాడు. ఎంత చక్కగా లేచింది బంతి. మార్సీ, టాడ్ ఒకర్నొకరు పట్టుకుని లేచారు. జెన్ వదిన లేవలేదు. వదిన బంతిని చూడట్లేదు, మా చేతుల్ని చూస్తోంది. వాడి చేతి మీద నా చెయ్యి, నా చేతి మీద మళ్ళీ వాడి రెండో చెయ్యి. జపమాల ఒళ్ళో పెట్టి, రిమోట్ తీసుకుని, టీవీ ఆపేసింది. బంతి ఇంకా గాల్లోనే ఉంది.

"అత్తయ్యా!" టాడ్ గొంతు చీలిపోయింది. "బంతి గాల్లో ఉంది!"

"దాని సంగతి రేపు పేపర్లో చూద్దువుగాని" అంది వదిన, వాడి వైపు తిరగకుండానే. ఆక్సిజన్ మిషన్ తుస్సు తుస్సుమంటోంది. వచ్చి మా ముందు నిలబడింది. "నవంబరు నుంచి చూస్తున్నాను మీ ఇద్దర్నీ. చెప్పండి" అంది.

అన్నయ్య నోరు తెరిచాడు. నా చెయ్యి నొక్కాడు. నేను చెప్పాను.